కదలని ఫైలూ, సున్నా రూపాయి నోటూ

దూరం నుంచి చూస్తే అది పాత యాభై రూపాయల నోటే. ఇంచుమించు అదే సైజు, అదే రంగు, మీద గాంధీ బొమ్మ. చేతికి తీసుకున్నాక గానీ అంకె ఉండాల్సిన చోట సున్నా ఉందని తెలియదు. అసలు నోటు మీద రిజర్వు బ్యాంకు గవర్నరు మాట ఇచ్చే చోట, దీని మీద పౌరుడు మాట ఇస్తాడు: లంచం ఇవ్వను, పుచ్చుకోను అని. చెన్నైలోని ఫిఫ్త్ పిల్లర్ అనే స్వచ్ఛంద సంస్థ 2007లో ఈ నోట్లు అచ్చువేయడం మొదలుపెట్టింది. తమిళంతో ఆగకుండా తెలుగు, కన్నడ, మలయాళం, హిందీ భాషల్లోనూ వేసింది. పదేళ్లు తిరక్కముందే పాతిక లక్షలకు పైగా పంచింది.

ఆలోచన పుట్టింది మాత్రం అమెరికాలో. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించే సతీందర్ మోహన్ భగత్, స్వదేశం వచ్చినప్పుడల్లా చేయి చాపేవాళ్లతో విసిగిపోయి, వాళ్లకు మర్యాదగా 'లేదు' అని చెప్పే నోటొకటి ఉంటే బాగుండునని అనుకున్నారు. ఫిఫ్త్ పిల్లర్‌ను నడిపించిన విజయ్ ఆనంద్ ఆ చమత్కారాన్ని ఉద్యమంగా మార్చారు. రైల్వే స్టేషన్లలో, ప్రభుత్వాసుపత్రుల ముందు, చివరికి పెళ్లి పందిళ్లలో కూడా ఆ నోట్లు పంచారు.

వాళ్లు చెప్పే కథల్లో రెండు బాగా ప్రచారంలోకి వచ్చాయి. తమిళనాడులో ఒక ముసలావిడ భూమి పట్టా కోసం ఏడాదిన్నరగా రెవెన్యూ ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. పట్టా చేతికి రాకపోతే మనవరాలి కాలేజీ చదువు ఆగిపోతుంది. ఆఖరికి ఆమె సున్నా నోటు తీసి బల్ల మీద పెట్టింది. అధికారి అదిరిపడి లేచి, కుర్చీ వేసి, టీ తెప్పించి పట్టా ఇచ్చేశాడట. రెండోది ఒక ఆటోడ్రైవరు సంగతి. అర్ధరాత్రి ఆపిన పోలీసు 'చూసుకోమని' సైగ చేస్తే ఈ నోటు చేతిలో పెట్టాడు. పోలీసు నవ్వి వదిలేశాడు.

వినడానికి ఎంత బాగున్నా, ఇవి నెగ్గినవాళ్ల కథలని గుర్తుంచుకోవాలి. నోటు చూపించి చీవాట్లు తిన్నవాళ్లు సంస్థ దగ్గరికి వచ్చి ఆ సంగతి చెప్పుకోరు. అయినా ఆ అధికారి ఎందుకు జంకాడన్నది ఆలోచించాల్సిన విషయం. అతన్ని భయపెట్టింది గాంధీ బొమ్మ కాకపోవచ్చు. నోటు మీద ఒక సంస్థ పేరు, చిరునామా ఉన్నాయి. ఇన్నాళ్లూ ఒంటరిగా వచ్చి నిలబడిన ముసలావిడ వెనక ఎవరో ఉన్నారని, ఆమె ఇక్కడి నుంచి ఇంకెక్కడికో వెళ్లగలదని ఆ కాగితం ముక్క చెప్పింది.

చిల్లర లంచానికి, పెద్ద కుంభకోణానికి ఉన్న తేడా ఇక్కడే ఉంది. కాంట్రాక్టు కోసం కోట్లిచ్చేవాడు తనకు రాకూడనిదాన్ని కొనుక్కుంటాడు. కుల ధ్రువీకరణ పత్రం కోసమో పాసుపుస్తకం కోసమో అయిదువందలిచ్చేవాడు తనకు హక్కుగా రావాల్సినదాన్నే కొనుక్కుంటాడు. బల్లకు అవతల ఉన్న మనిషి అమ్మేది కాగితం కాదు, కాలం. 'రేపు రండి', 'సారు మీటింగులో ఉన్నారు', 'సర్వర్ డౌన్' అన్న ప్రతి మాటా ఆ సరుకు ధర పెంచేదే. కూలి పోగొట్టుకుని మూడోసారి వచ్చినవాడికి మూడువందలు చవకగానే కనిపిస్తాయి.

ఈ చిల్లర అంతా కలిపితే ఎంతవుతుందో ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ ఇండియా, సెంటర్ ఫర్ మీడియా స్టడీస్ కలిసి 2005లో అంచనా వేశాయి. పోలీసు, భూమి రికార్డులు, కరెంటు, ఆసుపత్రి, రేషన్ వంటి పదకొండు సేవల కోసం మామూలు జనం ఏడాదికి చెల్లిస్తున్న లంచాలు రూ. 21,068 కోట్లని తేల్చాయి. కేరళలో అవినీతి తక్కువగా, బీహార్‌లో ఎక్కువగా కనిపించింది.

అదే కాలంలో నలుగురు ఆర్థికవేత్తలు ఢిల్లీలో డ్రైవింగ్ లైసెన్సుల మీద ఒక ప్రయోగం చేశారు. 822 మందిని తీసుకుని మూడు గుంపులు చేశారు. త్వరగా లైసెన్సు తెచ్చుకుంటే బహుమతి ఇస్తామని ఒక గుంపుకు చెప్పారు. ఇంకో గుంపుకు ఉచితంగా డ్రైవింగ్ నేర్పారు. మూడో గుంపును వాళ్ల దారిన వదిలేశారు. లైసెన్సు వచ్చినవాళ్లలో 71 శాతం మంది అసలు పరీక్షే రాయలేదు. తర్వాత చెప్పాపెట్టకుండా బండి నడిపించి చూస్తే 62 శాతం మందికి నడపడమే రాదని తేలింది. సగటున ఒక్కొక్కరు అసలు ఫీజుకు రెట్టింపు ఖర్చుపెట్టారు. ఆ డబ్బు తీసుకున్నది కౌంటరులోని గుమాస్తా కాదు, బయట చెట్టుకింద కూర్చున్న ఏజెంటు. బండి బాగా నడపగలిగి, ఏజెంటు లేకుండా వెళ్లినవాళ్లను ఏదో ఒక వంకతో ఫెయిల్ చేశారు. ఆర్టీఏ ఆఫీసు మెట్లెక్కిన తెలుగువాళ్లు ఇది చదివి ఆశ్చర్యపోతారని అనుకోలేం.

లంచాల మీద ఒక్కసారిగా దేశమంతటా జరిగిన ప్రచారం 2006 జులైలోది. ఢిల్లీలోని 'పరివర్తన్', దానితో కలిసిన వందలాది స్వచ్ఛంద సంస్థలు, కొన్ని పత్రికలు, టీవీ చానళ్లు జులై 1 నుంచి 15 దాకా పక్షం రోజులు 'డ్రైవ్ అగైన్‌స్ట్ బ్రైబ్' నడిపాయి. హిందీలో 'ఘూస్ కో ఘూంసా' అన్నారు, అంటే లంచానికో గుద్దు. ప్రభుత్వ కార్యాలయాల ముందు బల్లలు వేసుకుని కార్యకర్తలు కూర్చున్నారు. లంచం అడిగారని ఎవరైనా వస్తే ధర్నా చేయించలేదు, నినాదం ఇప్పించలేదు. ఒక దరఖాస్తు రాసిపెట్టారు. అంతకు తొమ్మిది నెలల ముందు, 2005 అక్టోబరు 12న పూర్తిగా అమల్లోకి వచ్చిన సమాచార హక్కు చట్టం కింద పెట్టే దరఖాస్తు అది. ఫీజు పది రూపాయలు.

ఆ దరఖాస్తులో అడిగే ప్రశ్నలు చూస్తే దాని తెలివి అర్థమవుతుంది. 'నా రేషన్ కార్డు ఇప్పించండి' అని ఉండదు. నా దరఖాస్తు మీద ఏ తేదీన ఏ చర్య తీసుకున్నారు? అది ఏ ఉద్యోగి దగ్గర ఎన్ని రోజులుంది? ఆ ఉద్యోగుల పేర్లేమిటి, హోదాలేమిటి? నిబంధనల ప్రకారం ఎన్ని రోజుల్లో పని పూర్తికావాలి? ఆలస్యం చేసినవారి మీద తీసుకునే చర్య ఏమిటి? ముప్పై రోజుల్లో సంతకం పెట్టి జవాబివ్వాలి. ఇవ్వకపోతే సమాచార అధికారి జేబులోంచి రోజుకు రూ. 250 చొప్పున, రూ. 25,000 దాకా జరిమానా పడొచ్చు. అప్పటిదాకా 'ఆఫీసులో పెండింగు'గా ఉన్న ఫైలు ఒక్కసారిగా ఫలానా మనిషి పెండింగు అవుతుంది. ఆ జవాబు రాయడం కంటే కార్డు రాసివ్వడమే తేలిక.

ఇది నిజంగా పనిచేస్తుందా అని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన లియోనిద్ పైసాఖిన్, పాల్ పింటో ఢిల్లీ మురికివాడల్లో పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. రేషన్ కార్డుకు దరఖాస్తు చేసినవాళ్లలో కొందరు లంచమిచ్చారు. కొందరు కొన్నాళ్లాగి సమాచార హక్కు కింద ప్రశ్నలు వేశారు. కొందరు ఒక స్వచ్ఛంద సంస్థ సిఫారసు లేఖ జతచేశారు. మిగిలినవాళ్లు ఊరికే ఎదురుచూశారు. లంచమిచ్చినవాళ్లకు మూడు నెలల లోపు, సమాచార హక్కు వాళ్లకు దాదాపు నాలుగు నెలల్లో కార్డు చేతికొచ్చింది. మిగతా రెండు గుంపుల్లో చాలామందికి ఏడాది కావస్తున్నా రాలేదు. పది రూపాయల దరఖాస్తు లంచంతో ఇంచుమించు సమానంగా పరిగెత్తిందన్నమాట. మంచి మాట చెప్పిన సిఫారసు లేఖ మాత్రం ఊరికే ఎదురుచూసినవాళ్ల పక్కనే మిగిలిపోయింది.

ఆ హక్కు ఢిల్లీలో పుట్టింది కాదు. రాజస్థాన్‌లో అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ తదితరులు 1990లో స్థాపించిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్, కరువు పనుల కూలీలకు పూర్తి కూలి ఎందుకు రావడం లేదని అడుగుతూ 1994 డిసెంబరులో కోట్‌కిరానా గ్రామంలో మొదటి 'జన్ సున్‌వాయీ' (ప్రజా విచారణ) పెట్టింది. సంపాదించిన మస్టర్లను, అంటే కూలీల హాజరు పట్టీలను, ఊరందరి ముందు బిగ్గరగా చదివారు. అంతే. పనికి రానివాళ్ల పేర్ల మీద కూలి పడిందని, కట్టని గోడకు బిల్లు అయిందని ఊరే చెప్పింది. కాగితం చూపించాలన్న కోరికతో 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజులు ధర్నాకు కూర్చున్నారు. సమాచార హక్కు చట్టానికి దారి వేసింది ఆ కూలీలే.

తెలుగునేలకు ఆ పద్ధతి నేరుగా వచ్చింది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. పథకంలో సామాజిక తనిఖీ తప్పనిసరని చట్టంలోనే రాశారు. దాన్ని ఒక వ్యవస్థగా నిలబెట్టిన మొదటి రాష్ట్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. 2009లో ఆ పనికోసమే విడిగా ఒక సొసైటీ ఏర్పాటు చేసి, రాజస్థాన్ ఉద్యమంలో పనిచేసిన సౌమ్య కిడాంబికి నాయకత్వం అప్పగించారు. కూలీ కుటుంబాల యువతీయువకులు ఇంటింటికీ తిరిగి జాబ్‌కార్డులు, మస్టర్లు సరిచూస్తారు. ఆ తర్వాత మండల కేంద్రంలో 'ప్రజావేదిక' పెట్టి ఫీల్డ్ అసిస్టెంటు ఎదుటే చదువుతారు. కాజేశారని తేలిన డబ్బంతా తిరిగి వసూలైందని మాత్రం చెప్పలేం. రికవరీ ఎప్పుడూ తేలిన మొత్తం కంటే బాగా వెనకే నడిచింది. కానీ వందల మందిలో లేచి 'నేను ఆ రోజు పనికి రాలేదు, నా పేరెలా పడింది?' అని అడగడం ఒక మామూలు ప్రభుత్వ కార్యక్రమంగా మారింది. ఇది చిన్న విషయం కాదు.

ఇదే రాష్ట్రంలో ఇంకో దారి కూడా తొక్కారు. ఐఏఎస్ వదిలి వచ్చిన జయప్రకాశ్ నారాయణ్ 1996లో మొదలుపెట్టిన లోక్‌సత్తా, ఏ పని ఎన్ని రోజుల్లో కావాలో ఆఫీసు గోడ మీద రాయించాలని, గడువు దాటితే పౌరుడికి పరిహారం ఇప్పించాలని పట్టుబట్టింది. పురపాలక సంఘాల్లో అలాంటి పౌరసేవా పత్రాలు వచ్చాయి. గడువుకు చట్టబద్ధత తెచ్చిన మొదటి రాష్ట్రం మాత్రం మధ్యప్రదేశ్. 2010లో చేసిన చట్టం ప్రకారం, ఆలస్యం చేసిన ఉద్యోగి మీద రోజుకు రూ. 250, గరిష్ఠంగా రూ. 5,000 జరిమానా వేయొచ్చు. కేంద్రం 2011లో దేశమంతటికీ అలాంటి బిల్లు పెట్టింది. 2014లో లోక్‌సభ గడువు తీరడంతో అదీ మురిగిపోయింది. అన్నా హజారే దీక్షతో ఊగిపోయిన అదే 2011లో జనం నోళ్లలో నానింది లోక్‌పాల్ పేరు. ఈ బిల్లు పేరు ఎంతమందికి తెలుసు? కుల పత్రం కోసం తిరిగే మనిషికి లోక్‌పాల్ కంటే ఇదే దగ్గరి చుట్టం.

కంప్యూటరు వస్తే లంచం పోతుందన్న ఆశ కూడా ఉండేది. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖలో 'కార్డ్' పథకం మొదలైనప్పుడు, రోజుల తరబడి పట్టే పని గంటలో అవుతుందన్నారు. పని వేగం పెరిగిందన్నది నిజమే. కానీ జొనాథన్ కేస్లీ అనే పరిశోధకుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో పరిశీలించి 2004లో రాసిన వ్యాసంలో లంచాలు అలాగే ఉన్నాయని చూపించాడు. జనం ఎప్పటిలాగే ముందు డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి వెళ్తున్నారు, అతని ఫీజులోనే ఆఫీసు వాటా కలిసిపోతోంది. లోపల కంప్యూటరు ఉన్నా లేకపోయినా బయటి బల్లకు తేడా లేదు.

బెంగళూరులోని జనాగ్రహ సంస్థ ఇంటర్నెట్‌ను ఇంకోలా వాడింది. 2010 ఆగస్టు 15న 'ఐ పెయిడ్ ఎ బ్రైబ్' పేరుతో, ఎక్కడ, ఏ పనికి, ఎంత ఇచ్చారో జనమే రాసే ఏర్పాటు చేసింది. ఉద్యోగుల పేర్లు తీసేసేవారు. మనుషుల్ని పట్టుకోవడం కంటే, ఏ పనికి ఏ ఊళ్లో రేటు ఎంతో బయటపెట్టడం దాని ఉద్దేశం. కర్ణాటక రవాణా కమిషనర్‌గా ఉన్న భాస్కరరావు ఆ ఫిర్యాదులను ముందు పెట్టుకుని లైసెన్సుల పద్ధతిని మార్చే పనిలోకి దిగారు. మనిషి చూసి మార్కులు వేసే చోట సెన్సర్లు ఉన్న ట్రాకులు వచ్చాయి. చైనాలో 2011లో ఇలాంటి వెబ్‌సైట్లే కొన్ని మొదలైతే వారాల్లోనే మూసేయించారు. వినే అధికారి ఉన్నచోట ఆ ఫిర్యాదులు పనికొచ్చాయి, లేనిచోట ఒట్టి ఏడుపుగా మిగిలాయి.

ఇక ఏసీబీ, అంటే అవినీతి నిరోధక శాఖ. తెలుగు పత్రిక తిరగేసేవారికి ఆ ఫొటో కంఠతా వచ్చు: కుర్చీలో తల వంచుకున్న ఉద్యోగి, ముందు బల్ల మీద నోట్లు, గులాబీ రంగు నీళ్ల సీసాలు. ఆ ఫొటో వెనక ఫిర్యాదుదారుడు పడే పాటు కనిపించదు. లంచం అడిగారని రాసిచ్చాక, ఇవ్వాల్సిన డబ్బు మామూలుగా అతనే తెచ్చుకోవాలి. వేరే శాఖల ఉద్యోగులు ఇద్దరు మధ్యవర్తులుగా కూర్చుంటే వాళ్లముందు నోట్ల నంబర్లు రాసుకుంటారు. నోట్లకు ఫినాఫ్తలీన్ అనే తెల్ల పొడి పూస్తారు. అధికారి నోరు తెరిచి అడిగితేనే ఇవ్వాలి, ముందే ఇవ్వకూడదు. ఇచ్చాక బయటికి వచ్చి సైగ చేయాలి. లోపలికి వెళ్లిన బృందం ఉద్యోగి చేతివేళ్లను సోడియం కార్బనేట్ నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. పొడి అంటిందని రుజువైనట్టే.

అయితే కోర్టులో ఆ రంగు ఒక్కటే చాలదు. డబ్బు దొరికితే సరిపోదు, అడిగినట్టు కూడా రుజువు కావాలని సుప్రీంకోర్టు చెబుతూ వచ్చింది. 2014లో ఆ మాట గట్టిగా చెప్పింది ఆంధ్రప్రదేశ్ కేసులోనే. ఒక మండల రెవెన్యూ అధికారి చౌకధరల దుకాణం డీలరు దగ్గర రూ. 250 తీసుకున్నాడన్నది ఆరోపణ. ఏళ్ల తరబడి కింది కోర్టు నుంచి పైకోర్టు దాకా నడిచింది. ఫిర్యాదు చేసిన డీలరే కోర్టులో మాట మార్చాడు. అధికారి నిర్దోషిగా బయటికొచ్చాడు. డీలరును తప్పుపట్టేముందు ఒక్క విషయం తలచుకోవాలి: ప్రతి నెలా అతని సరుకు విడుదల కావాల్సింది మళ్లీ అదే ఆఫీసు నుంచి. 2022 డిసెంబరులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఈ చిక్కును కొంత విప్పింది. ఫిర్యాదుదారుడు చనిపోయినా, అడ్డం తిరిగినా, మిగతా సాక్ష్యాలు, పరిస్థితులను బట్టి లంచం అడిగాడని నిర్ధారించవచ్చని తేల్చింది.

జనం సహనం ఎక్కడిదాకా వచ్చిందో తెలంగాణలో 2019లో రెండు దృశ్యాలు చూపించాయి. భూపాలపల్లి జిల్లాలో ఒక రైతు దంపతులు, పాసుపుస్తకానికి లంచం అడుగుతున్నారని ఆరోపిస్తూ, ఆ డబ్బు కోసం బ్యానరు కట్టుకుని వీధిలో భిక్షమెత్తారు. కరీంనగర్‌లో విద్యుత్తు శాఖ ఇంజినీరు ఒకాయన తాను లంచం తీసుకోనని తన గదిలో బోర్డు పెట్టుకున్నారు. వార్తల్లోకి ఎక్కాల్సినంత వింత అయింది ఆ బోర్డు!

లంచం ఇచ్చినవాడిని ఏం చేయాలన్నది ఇంకా తెగని తగువు. కేంద్ర ప్రభుత్వ ముఖ్య ఆర్థిక సలహాదారుగా ఉన్న కౌశిక్ బసు 2011లో ఒక ప్రతిపాదన చేశారు. తనకు హక్కుగా రావాల్సినదాని కోసం లంచమిచ్చినవాడిని నేరస్థుడిగా చూడొద్దు, ఇచ్చిన డబ్బు కూడా తిరిగి ఇప్పించాలి, అప్పుడే నోరు విప్పుతాడు అని. లంచం ఇవ్వడాన్నే న్యాయబద్ధం చేస్తారా అని చాలామంది మండిపడ్డారు. తర్వాత హైదరాబాద్‌లో విద్యార్థులతో దీని మీద ప్రయోగం చేస్తే, ఇచ్చినవాడికి శిక్ష లేనప్పుడు ఫిర్యాదులు పెరిగాయి, అడగడం తగ్గింది. అయితే అధికారికి పగ తీర్చుకునే వీలు ఇచ్చి చూస్తే ఆ ప్రయోజనం చాలావరకు కరిగిపోయింది.

పార్లమెంటు ఆ దారిలో సగమే నడిచింది. 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం లంచం ఇచ్చినవాడికీ ఏడేళ్ల దాకా జైలుశిక్ష పెట్టింది. బలవంతం మీద ఇచ్చినవాడికి మాత్రం మినహాయింపు ఉంది, ఇచ్చిన ఏడు రోజుల్లోపు పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పుకోవాలి. ముందే ఏసీబీకి చెప్పి, వాళ్ల సూచన మీద ఇస్తే నేరమే కాదు. ఏసీబీ నంబరు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1064.

కౌన్సెలింగ్ రెండు రోజుల్లో ఉందనగా కూతురి కుల ధ్రువీకరణ పత్రానికి వెయ్యి రూపాయలిచ్చిన తండ్రి సంగతి ఈ లెక్కలో ఎక్కడ పడుతుంది? ఆ ఏడు రోజుల్లో రెండు పత్రం కోసం, ఇంకో రెండు కాలేజీ సీటు కోసం పోతాయి. మిగిలిన మూడు రోజుల్లో అతను ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం అదే ఆఫీసులో, అదే కౌంటరు ముందు నిలబడి ఉంటాడు.